రమ్మనకుండా పిలవడం

కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులవి. జడ్చర్లలో దేవరకొండ బస్సెక్కాను. పక్కన గొంగడి కప్పుకున్న ముసలాయన ఒకడు కూర్చున్నాడు. నా చేతిలో ఇంగ్లీషు పేపరు చూసి, "సారు, ఇంగ్లీషుల అన్నానికి ఎట్ల పిలుస్తరు?" అని అడిగాడు.

ఎవరినని అడిగితే, డ్యాం దగ్గరి ఇంజనీరు దొరనట. ఆయనకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఇంట్లో పెళ్లేమో అనుకుని, 'మా ఇంటికి భోజనానికి రండి, మీరొస్తే మాకెంతో సంతోషం' అనే మాట ఇంగ్లీషులో చెప్పి అర్థం వివరించాను.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "రమ్మనొద్దు సారు. సంతోషమసలే వద్దు. బేస్తారం నా కొడుకు దినాలు. డ్యాం పనిల పోరడు బండ మీద పడ్డనాడు గా దొరనే జీపుల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండు. తొవ్వల ఆఖరి నీళ్లు తాపింది గాయననే. గాయన తినకుంటే ఎట్ల?"

చావింటి భోజనానికి అక్కడ ఎవరినీ రమ్మనరు. ఫలానా రోజని చెప్పి, పోయొస్తమని కూడా అనకుండా వెనక్కి తిరుగుతారు. రావలసినవాళ్లు వస్తారు. రమ్మనకుండా పిలిచే మాట నా ఇంగ్లీషులో ఎంత వెతికినా దొరకలేదు. చివరికి మూడు ముక్కలు నేర్పాను: తర్స్‌డే, మై సన్, ఫుడ్.

దారంతా వాటినే వల్లె వేశాడు. మొదటిదీ చివరిదీ తొందరగానే పట్టుబడ్డాయి. మధ్యది వచ్చేసరికి ప్రతిసారీ గొంగడి అంచుతో నోరు తుడుచుకునేవాడు.

దేవరకొండలో దిగుతూ పోయొస్తనని ఆయన అనలేదు. వెళ్లి రండని నేనూ అనలేదు.