ఫారం గుడ్లు పొదిగించబోయాను

ఈ ఉదయం ఆమ్లెట్‌కని కొట్టిన గుడ్డు మురిగిపోయి ఉంది. కిటికీలు తెరిచినా, అగరుబత్తి వెలిగించినా ఆ కంపు వదల్లేదు. మా ఆయన ముక్కు మూసుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బాలమణమ్మ గుర్తొచ్చింది.

తిరుమలగిరిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడ అక్కడ ఆయా. చదువు రాదు. నేనేమో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంటి పిల్లని, బీఎడ్‌లో ఫస్టు క్లాసు, దానికి తగ్గ పొగరు. మూడో తరగతికి జీవచక్రాల పాఠం వచ్చింది. బోర్డు మీద బొమ్మలు గీసి ఊరుకుంటే నా గొప్పేముంది? "ఇరవై ఒక్క రోజుల్లో మీ కళ్ల ముందే కోడిపిల్లలు వస్తాయి" అని పిల్లలకు మాటిచ్చేశాను. కిరాణా కొట్లో డజను గుడ్లు కొని, థర్మాకోల్ డబ్బాలో బల్బు కింద పెట్టాను. ప్రిన్సిపల్ మేడం ముచ్చటపడి ఇరవై ఒకటో రోజుకు తల్లిదండ్రులందర్నీ పిలిచారు. నా ఉద్యోగం ఖాయం చేసే సంగతి అదయ్యాక చూద్దామన్నారు. పిల్లలు రోజూ డబ్బాకు చెవులు ఆనించి వినేవారు.

పన్నెండో రోజు సాయంత్రం గది ఊడుస్తూ బాలమణమ్మ నా ఫోన్ లైటు వేయించింది. ఒక గుడ్డు తీసి దానిమీద పెట్టింది. లోపలంతా పలచగా, ఖాళీగా వెలిగింది. ఇంకొకటి చూసింది. అన్నీ అంతే.

"ఏడ తెచ్చిన్రు మేడం ఇవి?"

"కొట్లో."

"ఫారం గుడ్లు. పుంజు లేకుంట పెట్టినయి. ఏడాది పెట్టినా పిల్లలు కావు."

బొల్లారంలో ఇంటి దగ్గర ఆవిడ నాటుకోళ్లు పెంచేది. పుంజు ఉంటేనే గుడ్డు పిల్లవుతుందని నేనూ పుస్తకంలో చదివాను, కొట్లో అమ్మేవి పుంజు లేకుండా పెట్టినవని మాత్రం తెలియదు.

"ఎవరికీ చెప్పకమ్మా," అని బతిమాలాను. "ముందురోజు మోండా మార్కెట్‌లో కోడిపిల్లల్ని కొని ఇందులో వదిలేస్తాను."

"వదులున్రి. నేను నోరు ఇప్ప. గని పోరగాండ్లు ఇంటికి పోయి గివే గుడ్లు గుడ్డల సుట్టి పెట్టుకుంటరు. గాడ కోడిపిల్లలను ఎవరు తెచ్చి పెడ్తరు?"

నాకు ఒళ్లు మండింది. ఆయాతో చెప్పించుకోవాలా అనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున హారిక అనే పిల్ల నా చెవిలో గుసగుసగా చెప్పింది: "టీచర్, నేను సుత రెండు పెట్టిన. అమ్మ చీరల దాచిన."

ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. అయినా ఆ గంటలోనే పిల్లలకు చెప్పేశాను. "తప్పు నాది. ఈ గుడ్లలోంచి కోడిపిల్లలు రావు."

హారిక అడిగింది: "మీకు తెల్వదా టీచర్?"

"తెలియదు. బాలమణమ్మకు తెలుసు."

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. బకెట్‌తో నిలబడ్డ బాలమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి రమ్మన్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేలమీదే కూర్చుని, పుంజు దగ్గర్నుంచి పిల్ల పెంకు పొడుచుకుని వచ్చేదాకా చెప్పింది. నేను పిల్లల మధ్య కూర్చుని విన్నాను.

తల్లిదండ్రుల సభ రద్దయింది. ఉద్యోగం ఖాయం కావడానికి మరో ఏడాది పట్టింది. బాలమణమ్మ పోయి రెండేళ్లయింది. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియనప్పుడు నాకిప్పటికీ అరచేతులకు చెమటలు పడతాయి. అయినా "నాకు తెలియదు, మీలో ఎవరికైనా తెలుసా?" అంటాను. ఎప్పుడూ వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది.