అత్తయ్య బోటుకు కళ్ళు

మొన్న ఆదివారం మా మేనత్త మనవరాలు మెట్టకూరు నుంచి ఫోన్ చేసింది. ఎండుచేపలూ ఎండురొయ్యలూ శుభ్రంగా ప్యాకెట్లలో పెట్టి పై ఊళ్ళకు పంపే వ్యాపారం మొదలుపెట్టిందట, ప్యాకెట్ల మీద వాళ్ళ నాయనమ్మ బోటు గుర్తే ఉండాలని దాని సరదా, తీరా ప్రెస్సుకు వెళ్తే ఫోన్లో ఉన్న ఫోటో పనికిరాదు, వెక్టర్ ఫైల్ కావాలి, బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెంట్‌గా ఉండాలి అన్నారట. ఇదంతా నేను పుట్టి బుద్ధెరిగి వినని విషయమన్నట్టు అది ఓపిగ్గా విడమరచి చెబుతుంటే నవ్వాపుకుంటూ విన్నాను. పాత ఫైల్ వెతికి పంపేసరికి "సూపర్" అని ఒక్క మాట వచ్చింది. దాని పని అయిపోయింది గానీ నేను మాత్రం ఆ బొమ్మను తెర మీద పెద్దది చేసుకుని, బోటుకున్న రెండు కళ్ళ వంకే చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. డిగ్రీ అయిన ఏడాది నేను యానాం బజారులో ఒక ప్రింటింగ్ షాపులో చేరాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, బనియన్ల మీద అచ్చులు, ఇదీ అక్కడి పని. నాకేమో చిన్నప్పటి నుంచీ ప్రతిదాన్నీ ఇది ఎందుకిలా ఉంది అని కెలికి చూసే గుణం, దానికోసం ఇంట్లో తిన్న చీవాట్లకు లెక్కలేదు. ఫోటో అంటే చుక్కల పోగు, పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా చెదిరిపోతుంది. వెక్టర్ అలా కాదు, గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరిగి ఎక్కడ ఆగిందో అదొక్కటే గుర్తు పెట్టుకుంటుంది, కాబట్టి ఎంత పెంచినా అంచు చెదరదు అని మా ఓనరుగారు చెప్పారు. చెప్తే నమ్మే రకాన్నా నేను! ఒక అరసున్న గీసి, తెర నిండిపోయేదాకా పెంచి, ఇంకా పెంచి, ఎక్కడైనా చెదురుతుందేమోనని పూటంతా కాపు కాశాను. చెదరలేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా అని ఆయన విసుక్కున్నా నా ఆశ్చర్యం తగ్గలేదు.

అలా ఉండగా అత్తయ్య పని వచ్చింది. అత్తయ్య అంటే నాన్నగారి అక్కయ్య, దరియాలతిప్పలో ఉండేది. మావయ్య పోయిన రెండేళ్ళకు ఆవిడ ఎవరెన్ని చెప్పినా వినకుండా కొత్త బోటు కట్టించింది. మావయ్య దగ్గర పనిచేసిన వాళ్ళు, బోటు నడిపే సరంగూ వలలు లాగే ఐదుగురు కళాసులూ, మళ్ళీ వస్తామన్నారు గానీ ఆడమనిషి బోటు అనేసరికి లోపల్లోపల ఒక శంక వాళ్ళకు లేకపోలేదు. మా దగ్గరికి వచ్చెయ్యండని వేరే బోట్ల వాళ్ళు వాళ్ళకు కబురు కూడా పెడుతున్నారు. ఆ ఆరుగురూ నిలబడితేనే బోటు కదులుతుంది, లేకపోతే కట్టించిన బోటు రేవులోనే ఎండుతుంది. అందుకని అందరికీ నీలం బనియన్లు కొని, వాటి మీద మన బోటు గుర్తు అచ్చు వేయించమని అత్తయ్య నాకు అప్పగించింది.

ఆ గుర్తు మావయ్య ఎప్పుడో క్యాలెండరు కాగితం వెనక గీసింది. ఎదురుగా వస్తున్న పసుపుపచ్చ బోటు, కింద మూడు అలలు, ముందు భాగాన రెండు తెల్లని కళ్ళు, వాటి మధ్య నల్లని పాపలు. వాళ్ళింట్లో బోటుకు కళ్ళు దిద్దడం ఆనవాయితీ, మిగతా రంగులన్నీ పెయింటర్ వేసినా కళ్ళు మాత్రం బోటు నీళ్ళలోకి దిగే ముందు యజమాని చేత్తోనే దిద్దాలి, కళ్ళు లేని బోటు ఎవరూ ఎక్కరు. నేను ఆ కాగితాన్ని స్కాన్ చేసి, మౌసుతో గీత వెంట గీత లాగుతూ నాలుగు రోజులు కూర్చున్నాను. గీసినంత మేరా వెనక ఉన్న తెల్లటి కాగితం ముక్క బొమ్మతో పాటే అంటుకుని వస్తోంది. అది ఉంచితే నీలం గుడ్డ మీద తెల్ల డబ్బా అచ్చవుతుంది, బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యి అన్నారు ఓనరుగారు. తెల్లగా ఉన్నవన్నీ ఒక్కసారే ఎంచుకునే ఉపాయం నేను అంతకు ముందు రోజే కనిపెట్టాను. ఎంచుకుని తీసిపారేశాను. తెర కూడా తెలుపే కాబట్టి చూడ్డానికి బొమ్మ చెక్కుచెదరలేదు, తెల్ల కాగితం మీద తీసిన నమూనాలోనూ కళ్ళు తెల్లగా నవ్వుతున్నాయి. అత్తయ్య ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. రంగును గుడ్డ మీదికి దించే స్క్రీన్లు పసుపుకొకటి, నలుపుకొకటి తయారై బనియన్లు అచ్చయ్యాయి. ఆరబెట్టి మడతపెట్టింది ఓనరుగారే అయినా, అప్పుడు సరిగా చూసుకోని పాపం నాదే.

మర్నాడు పొద్దున్న బోటు నీళ్ళలోకి దిగుతుందనగా మధ్యాహ్నం నేనే మూట పట్టుకుని దరియాలతిప్ప వెళ్ళాను. అత్తయ్య ఇంటి అరుగు మీద ఆరుగురూ, గుమ్మంలో అత్తయ్యా ఉన్నారు. సరంగు మూటలో పైనున్న బనియను మడత విప్పి చూశాడు, చూసి పక్కనున్న కళాసి చేతిలో పెట్టాడు.

"నీళ్ళే కనపడతన్నాయండి కళ్ళల్లోంచి," అన్నాడు ఆ కళాసి.

"కళ్ళేవీ వదినా దీనికి? గుడ్డి బోటెక్కించేత్తావా ఏటి మమ్మల్ని?" అన్నాడు సరంగు. నవ్వుతూ అన్నట్టే అన్నాడు గానీ ఆ నవ్వు ఎవరికీ అంటలేదు.

బనియను అందుకుని చూశాను. పసుపు రంగు మధ్య కళ్ళ చోట రెండు కన్నాలు, వాటిలోంచి బనియను నీలం. తెల్ల కాగితం మీద తెలుపు దానంతటదే వచ్చిందని, నిజానికి అక్కడ ఏమీ లేదని అప్పుడు తెలిసింది. తెలుపు వేరు, ఏమీ లేకపోవడం వేరు. బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యమన్నారు అత్తయ్యా, తీసేశాను అని చెప్పాను.

"ఎనకున్నది తియ్యమంటే లోపలున్నదీ తీసేసేవా!" అంది అత్తయ్య. కోపం లేదు ఆ మాటలో, నిజంగా వింతపడి అడిగింది. ఆ ఆరుగురి మొహాలూ చూసింది. చూసి, షాపులో తెల్ల రంగు ఉందా, ఉంటే ఒక డబ్బా తెచ్చెయ్యవే అంది.

ఎలా వెళ్ళానో ఎలా వచ్చానో నాకే తెలియదు. వచ్చేసరికి అరుగు మీద చాప వేసి ఉంది, పీట మీద మొదటి బనియను పరిచి ఉంది. అత్తయ్య కుంచె ముంచి, "బోటుకి నేనే దిద్దుతాను గదా, మీకూ నేనే దిద్దుతాను, ఒకొక్కళ్ళూ వచ్చి కూకోండి," అని సరంగుతో మొదలుపెట్టి, పేరు పెట్టి పిలిచి, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నాకనే కళ్ళు దిద్దింది. చేత్తో దిద్దినవి కాబట్టి ఏ రెండు కళ్ళూ ఒకేలా రాలేదు. రంగు ఆరాలి కాబట్టి ఎవరూ లేచి వెళ్ళడానికి లేకపోయింది. టీలు తాగారు, మావయ్య కబుర్లు చెప్పుకున్నారు. పొద్దున్న ఆరుగురూ ఆ బనియన్లతోనే బోటెక్కారు. నేను రేవులో నిలబడి హాయిగా ఏడ్చాను.

ఉప్పునీళ్ళకూ ఎండకూ ఆ తెలుపు ఏడాది తిరక్కుండా పెచ్చులూడింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం ముగియవస్తుండగా, బోటుకు మళ్ళీ రంగులేసే వేళకు ఆరుగురూ బనియన్లు పట్టుకుని అత్తయ్య అరుగు మీదికి వచ్చారు. మళ్ళీ ఏడూ వచ్చారు, ఆ పై ఏడూ వచ్చారు. రంగు ఆరేలోపు ఏడాది గొడవలన్నీ బయటికి వచ్చేవి, వల చిరిగింది ఎవరి వల్లో, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో అన్నీ అక్కడే తేలేవి. నేను కూడా షాపు నుంచి సెలవు పెట్టుకుని వెళ్ళేదాన్ని.

నా పొరపాటు మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. నాలుగో ఏడు, అప్పటికి పనిలో చెయ్యి తిరిగింది కాబట్టి, ఆ బొమ్మను మళ్ళీ తెరిచాను. తెర రంగు నీలంగా మార్చుకుని, కళ్ళ తెలుపును విడిగా గీసి, దానికోసం మూడో స్క్రీన్ చేయించి, వేడి తగిలిస్తే గుడ్డలో ఇంకిపోయే మంచి రంగుతో కొత్త బనియన్లు అచ్చు వేయించాను. అందరికీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి ఇచ్చి వచ్చాను. అత్తయ్య గోటితో గీకి చూసింది. "గోటిక్కూడా రాటం లేదే! బాగా చేసేవే," అంది. నేను పొంగిపోయాను.

ఆ ఏడు నిషేధం ముగిసే వారం అత్తయ్య అలవాటుగా చాప వేసింది. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, వాళ్ళ బనియన్ల కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. మరుసటి ఏడు సరంగు వేరే బోటుకు మారిపోయాడు, వెనకే ఇద్దరు కళాసులు వెళ్ళారు. వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, అది నా అచ్చు వల్లే జరిగిందని అత్తయ్య ఏనాడూ అనలేదు. కొత్తవాళ్ళను పెట్టుకుంది, ఓపికున్నంత కాలం బోటు నడిపింది, తర్వాత అమ్మేసింది. చాలా ఏళ్ళకు ఒకసారి మాత్రం, ఆ మాటా ఈ మాటా మధ్య, "ఆళ్ళని కూకోబెట్టడానికి నాకింకో పని దొరకలేదే," అంది. అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అచ్చు పడుతూనే రంగు ఆరిపోతోంది, బొమ్మ వెనకున్నదాన్ని ఫోనే తీసేస్తోంది, లోపలున్న తెలుపును కూడా చాలాసార్లు అదే కాపాడుతోంది. అది ఎలా కనిపెడుతుందా అని ఈ వయసులోనూ నాకు ఆరాటమే, ఈ సదుపాయాలు వద్దనేటంత మూర్ఖురాలిని కాను. కాకపోతే ఎవరైనా మా ఇంటికి ఏదో పని మీద వచ్చి, అది అయిపోగానే బండి తాళాలు తీసుకుని లేచి నిలబడితే, రంగు ఇంకా తడిగా ఉంది, కాసేపు కూర్చోండి అనాలనిపిస్తుంది.