ఖురియాత్‌లో ఓట్లు ఎక్కడ వేయించాలి

మా ఆయన ఎన్నికల్లో నిలబడుతున్నారన్న సంగతి నాకు ఇంట్లో తెలియలేదు. మా తెలుగు సంఘం ఎన్నికల అధికారి ఫోన్ చేసి చెబితే తెలిసింది.

అప్పటికే నేను ఆ అధికారికి ఒక మాట ఇచ్చి ఉన్నాను. మా సంఘం ఎన్నికలు ఎప్పుడూ మస్కట్‌లోనే, ఒక హాల్లో జరుగుతాయి. బర్కా తోటల్లో పనిచేసేవాళ్లూ, ఖురియాత్‌లో కంపెనీ క్యాంపుల్లో ఉండే మగవాళ్లూ, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లూ సభ్యులే అయినా అంత దూరం వచ్చి ఓటు వేసేవారు కారు. ఈసారి ఆ రెండు ఊళ్లలోనూ ఓటింగ్ పెడదామనుకున్నారు. ఎక్కడ పెడితే అందరూ రాగలరో ముందు వెళ్లి చూసి రావాలి. ఎన్నికల అధికారి కరీంనగర్ వైపు పెద్దాయన, ఒమాన్‌లోనే ఇంజనీరుగా జుట్టు నెరిసిన మనిషి. కంటి ఆపరేషన్ అయ్యాక దూరాలు కారు నడపడం మానేశారు. నాకు డ్రైవింగ్ వచ్చు, శుక్రవారాలు ఖాళీ. అందుకని నన్ను అడిగారు, నేను సరేనన్నాను.

"మీ సారు సెక్రటరీకి నామినేషన్ ఏసిండమ్మా. మీకు చెప్పలేదా?" అన్నారు ఫోన్‌లో.

"లేదండీ. అయితే నేను తప్పుకుంటాను. అభ్యర్థి భార్య వెళ్లి పోలింగ్ స్థలాలు చూడడం ఏం బాగుంటుంది?"

"మీరు తప్పుకుంటే నన్నెవరు తీస్కపోతరు? ఇద్దరం చూద్దాం. ఇద్దరికీ నచ్చితేనే ఖాయం చేద్దాం. ఎవరన్న అడిగితే నేను చెప్త."

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే అడిగాను. ఆయన బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు.

"నీతో చెబితే వద్దంటావని చెప్పలేదు. ఖురియాత్‌లో మావాడు మరీ పట్టుబట్టాడు," అన్నారు.

మావాడంటే ఆయన స్నేహితుడు. ఇద్దరిదీ కాకినాడ, కలిసి చదువుకున్నారు. ఖురియాత్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో మేనేజరు. మా ఆయన పది మందిలో నిలబడి మాట్లాడాలంటే గొంతు ఎండిపోయే మనిషి. లెక్కల పని తప్ప వేరే ధ్యాస లేదు. సెక్రటరీ పదవి ఆయనకు ఎలా తోచిందో నాకు అర్థం కాలేదు గానీ, స్నేహితుడి మాట కాదనలేకపోయారని మాత్రం తెలిసింది.

బర్కాలో మా పని తేలిగ్గా అయిపోయింది. ఖర్జూరం తోటల దారిలో ఒక కిరాణా షాపుంది. దాని పక్కన పెద్ద రేకుల పంచ. తోటల్లో పనిచేసేవాళ్లు ఎలాగూ శుక్రవారం సరుకులకు అక్కడికే సైకిళ్ల మీద వస్తారు. షాపు యజమాని ఒప్పుకున్నాడు. ఎండ పడమటి వైపు నుంచి కొడుతుందని, ఆ వైపు ఒక పరదా కట్టించాలని అనుకుని వచ్చేశాం.

తరువాతి శుక్రవారం ఖురియాత్ వెళ్లాం. అక్కడ చూడాల్సింది మావాడు ఇస్తానన్న చోటే. వాళ్ల కంపెనీ క్యాంపులో భోజనాల హాలు. అంత మంచి చోటు మస్కట్‌లో కూడా మాకు దొరకలేదు. చల్లగా ఏసీలు, బల్లలు, కుర్చీలు, తాగే నీళ్లు, ఎక్కి దిగడానికి మెట్లే లేవు. పెద్దాయన హాలంతా తిరిగి చూసి, "మంచిగుంది. ఇగ వెతికేదేముంది?" అన్నారు.

నాకూ హాలు నచ్చింది. కానీ దానిలోకి రావడానికి ముందు గేటు దగ్గర జరిగింది నా మనసులోంచి పోవడం లేదు. వాచ్‌మన్ మర్యాదగానే కారు ఆపి, "బతాకా, మేడమ్," అని చెయ్యి చాపాడు. నా రెసిడెంట్ కార్డు తీసుకుని నంబరూ పేరూ పుస్తకంలో రాసుకున్నాడు. ఫోన్ నంబరు కూడా అడిగాడు. లోపలికి ఎవరినో అడగడానికి వెళ్లాడు. ఈలోగా నేను కారు దిగి నిలబడ్డాను. సెలవు రోజు కదా, రూముల ముందు లుంగీలతో కూర్చున్న మగవాళ్లు ఒక్కసారిగా మాటలాపి నావైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. పాపం, కొందరు తలలు కూడా తిప్పుకున్నారు. అయినా నేను చున్నీ సరిచేసుకుని మళ్లీ కార్లో కూర్చున్నాను. కారూ, పక్కన పెద్దాయనా ఉన్న నాకే అలా అనిపించింది.

హాలు బయటికి వచ్చాక పెద్దాయనతో ఇదే చెప్పాను. "ఆడవాళ్లు వస్తారంటారా?"

ఆయన కొంచెంసేపు గడ్డం రుద్దుకున్నారు. "వాళ్లనే అడుగుదాం పా," అన్నారు.

ఖురియాత్‌లో నాకు తెలిసిన ఒక కడప ఆమె ఉంది. ఒకప్పుడు మస్కట్‌లో మా పక్కింట్లో పనిచేసేది, తరువాత ఖురియాత్‌లో ఒక ఒమానీ కుటుంబంలో చేరింది. ఫోన్ చేస్తే, సాయంత్రం షాపులు తెరిచే వేళకు బజార్లో దర్జీ దుకాణానికి వస్తానంది. అది ఆడవాళ్ల బట్టలు కుట్టే చిన్న దుకాణం. నెల్లూరు దంపతులది. భర్త ముందు మిషన్ దగ్గర కూర్చుంటాడు, భార్య లోపల కొలతలు తీస్తుంది. మేం వెళ్లేసరికి అక్కడ నలుగురైదుగురు తెలుగు ఆడవాళ్లు ఉన్నారు. అందరూ ఇళ్లల్లో పనిచేసేవాళ్లే.

క్యాంపు సంగతి చెప్పగానే కడప ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మగోళ్ల క్యాంపుకా? మేం యాడొస్తామక్కా! గేటుకాడ బతాకా నంబరు రాసుకుంటారంట గదా. రేపు ఎవురన్నా మా మామాకు చెప్తే? అక్కడికి ఎందుకు పోయినావంటాది. ఓటుకు పోయినా అంటే నమ్ముతాదా?"

ఇంటి యజమానురాలిని వాళ్లు మామా అంటారు. పక్కన నిలబడ్డ గోదావరి పిల్ల, "పంపించేస్తారండి బాబూ, మా ఊరికి," అని సన్నగా అంది. నవ్వుతూ అంది గానీ నవ్వులాట కాదు.

"మరి మీరు ఎక్కడికైతే రాగలరు?" అని అడిగాను.

"ఈడికే. దర్జీ కాడికి పోయొస్తానంటే మామా ఏమీ అనదు. శుక్రారం ఈ యాళకు ఎట్లాగూ యిడుస్తాది."

పెద్దాయన దుకాణం చుట్టూ చూశారు. ముందు గదిలో ఒక బల్ల పడుతుంది. లోపల కొలతలు తీసే గదికి దళసరి పరదా ఉంది. ఆయన లోపలికి వెళ్లి పరదా వేసుకుని, ఒక్క నిమిషం ఉండి బయటికి వచ్చారు. "నేను కనవడ్డనా?" అని అడిగారు. లేదని అందరూ ఒక్కసారే అన్నారు. దర్జీ భార్య గలగలా నవ్వింది.

ముందు ఆడవాళ్లు, చీకటి పడే వేళకు మగవాళ్లు ఓటు వేసేలా నిర్ణయించాం. దర్జీ ఒప్పుకున్నాడు. కావలసిన అనుమతులన్నీ తాను చూసుకుంటానని పెద్దాయన అన్నారు. అంతా బాగానే ఉంది. తిరుగు దారిలో కొండల మధ్య కారు నడుపుతుంటే నాకు అసలు సంగతి తట్టింది. ఆ క్యాంపులో ఉన్న మా సభ్యులంతా మావాడి మాట మీద మా ఆయనకు ఓటు వేసేవాళ్లు. హాల్లో పెడితే భోజనానికి వచ్చినట్టు వచ్చి వేసిపోయేవారు. ఇప్పుడు బజారు దాకా నడవాలి. ఎంతమంది నడుస్తారు?

ఇంట్లో చెప్పాను. మా ఆయన పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అంత మంచి హాలు వద్దన్నారా?"

"హాలు మంచిదేనండీ. గేటు మంచిది కాదు." జరిగిందంతా చెప్పాను.

ఆయన మళ్లీ అన్నం కలపడం మొదలుపెట్టారు. "నువ్వు చెప్పింది తప్పని అనను. కానీ వాడికి నేనేం చెప్పను?" అన్నారు.

చెప్పే అవసరం రాలేదు. మర్నాడు పొద్దున్నే, పెద్దాయన చెప్పగా విని, మావాడే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకపోయినా గొంతు నా వరకూ వినిపించింది. "ఇంట్లోవాళ్లే ఓట్లు పోగొడుతుంటే బయట నేనేం చెయ్యనురా?" ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కాఫీ ఇచ్చానా, తాగారు. కూరలో ఉప్పు తక్కువైనా ఏమీ అనలేదు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

ప్రచారానికని ఆయన ఖురియాత్ వెళ్లారు. మావాడితో కలిసి క్యాంపులో మాట్లాడి, తరువాత దర్జీ దుకాణం బయట నిలబడి ఆడవాళ్లతో మాట్లాడారట. వచ్చాక సోఫాలో చేరగిలపడి, తనంతట తానే నోరు తెరిచారు.

"వాళ్లేమడిగారో తెలుసా? ఒంట్లో బాగోకపోతే ఫోన్ చేస్తే ఎత్తుతారా అన్నారు. ఊళ్లో ఎవరైనా పోతే టికెట్ తొందరగా ఇప్పిస్తారా అన్నారు. ఒకామె, మా ఇంటికొచ్చి బాబాతో మాట్లాడగలరా అని అడిగింది. బాబా అంటే ఆ ఇంటాయన."

"మీరేమన్నారు?"

"అన్నిటికీ ఊఁ అన్నాను." రెండు చేతులతో ముఖం రుద్దుకున్నారు. "నాకు అరబీ పది ముక్కలు రావు. నేనేం మాట్లాడతానే ఆయనతో?"

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన లేచి వెళ్లలేదు.

ఓటింగ్ రోజు పెద్దాయనను ఖురియాత్ తీసుకెళ్లింది నేనే. నా ఓటు మస్కట్‌లో పొద్దున్నే వేసి వచ్చాను. దుకాణం లోపలికి మాత్రం అడుగు పెట్టనని ముందే చెప్పాను. ఎదురుగా టీ కొట్టు ముందు కారు ఆపుకుని అందులోనే కూర్చున్నాను. షాపులు తెరిచారు. ఎవరూ రాలేదు. ఒక ఒమానీ ఆవిడ వచ్చి, ఓటింగని తెలిసి, కుట్టిన బట్టలు తీసుకుని వెళ్లిపోయింది. అటు క్యాంపూ వదులుకున్నాం, ఇటు వీళ్లూ రాకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

అప్పుడు సందు మలుపులో గోదావరి పిల్ల కనిపించింది. చంకలో ఆ ఇంటి పసివాడు. వాడికి బిస్కెట్టు తినిపిస్తూ లోపలికి వెళ్లింది. ఆమె వెనక ఇద్దరు. మరి కాసేపటికి కడప ఆమె, ఒక సంచిలో కుట్టాల్సిన జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. తరువాత ఒకళ్ల వెంట ఒకళ్లు వస్తూనే ఉన్నారు. దుకాణం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. నేను కారు అద్దం దించి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

కడప ఆమె బయటికి వచ్చి నా దగ్గరికే వచ్చింది. "ఏసొచ్చినాక్కా. ఎవురికేసినానో అడగొద్దు."

"అడగను తల్లీ."

"మీ ఆయన మంచోడే. కానీ ఆ ఇంకొకాయనకు అరబీ బాగా వచ్చంట," అని పకపకా నవ్వుతూ వెళ్లిపోయింది.

చీకటి పడుతుండగా క్యాంపు మగవాళ్లు వచ్చారు. ఉతికిన చొక్కాలు వేసుకుని, తలలు దువ్వుకుని, నవ్వుకుంటూ నడిచి వచ్చారు. అందరికంటే ముందు నడుస్తున్నది మావాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. తరువాత టీ కొట్టులోంచి ఒక చిక్కటి కడక్ టీ తెచ్చి కారు కిటికీలోంచి అందించాడు. "తాగమ్మా. పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నావంటగా," అన్నాడు. మధ్యాహ్నమే వచ్చానని దిద్దబోయి ఊరుకున్నాను.

మర్నాడు మస్కట్‌లో లెక్కింపు. ఏ ఊరి ఓట్లు ఎటు పడ్డాయన్న మాట రాకూడదని పెద్దాయన మూడు పెట్టెలూ ఒకే బల్ల మీద పోసి కలిపేశారు. మా ఆయన ఓడిపోయారు. మరీ తక్కువేమీ రాలేదు, గెలిచేంతా రాలేదు. గెలిచినాయనతో చెయ్యి కలిపి, ఖురియాత్ ఆడవాళ్ల సంగతులన్నీ పక్కకు తీసుకెళ్లి మరీ చెప్పారు.

కార్లో కూర్చున్నాక తలుపు వేసుకుని, "హమ్మయ్య," అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. నన్ను ఊరడించడానికి అన్నమాట కాదది. "నా వల్లేనా?" అని అడిగాను, అయినా.

"నీ వల్ల ఓడిపోయానో, నా వల్లో ఎవరికి తెలుసు? అన్నీ కలిపేశాడుగా పెద్దాయన," అన్నారు. "గెలిచుంటే ఈపాటికి ఆ బాబా ఇంటికి బయల్దేరేవాణ్ణి."

ఇద్దరికీ నవ్వాగలేదు. కారు తాళాలు నాకిచ్చి, సీటు వెనక్కి వాల్చుకున్నారు. ఇల్లు చేరేలోపే నిద్రపోయారు.