నాలుగు రెట్ల ఉప్పు

ఫిబ్రవరి 11, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆయనకు ఉప్పు తెలిసింది. జావ రెండో చెంచా మింగి గోడ గడియారం వంక చూశాడు. నోటి క్యాన్సర్‌కు ముప్పై మూడు విడతల రేడియేషన్ ముగిసి అప్పటికి నూట పన్నెండు రోజులు. అన్నాళ్లూ ఏది తిన్నా నానిన అట్టముక్క తిన్నట్టే ఉండేది.

బిస్కెట్ల కర్మాగారంలో పంతొమ్మిదేళ్లుగా ఆయన పని రుచి చూడటం. తోటివాళ్లు ఆయన్ని ‘త్రాసు’ అని పిలిచేవారు. వంద కిలోల పిండిలో రెండు వందల గ్రాముల ఉప్పు ఎక్కువైతే చాలు, పట్టేసేవాడు. జబ్బు చేశాక కుర్చీ ఖాళీగా ఉంచారు గానీ, తిరిగి అందులో కూర్చోవాలంటే పరీక్ష నెగ్గాలి. మూడు కప్పుల నీళ్లు ఇస్తారు. ఒకదానిలో ఉప్పు కాస్త ఎక్కువ. అదేదో చెప్పాలి. పన్నెండు విడతల్లో కనీసం ఎనిమిది ఒప్పవ్వాలి. గుడ్డిగా చెప్పినా సగటున నాలుగు తగులుతాయి మరి. తప్పితే ప్యాకింగులో డబ్బాలు లెక్కపెట్టుకోవడమే.

ఆ పూటే, ఆ పరీక్ష పెట్టే ల్యాబ్ మేడమ్‌కు ఫోన్ చేసి పరీక్ష ఇరవయ్యో తారీఖుకు ఖాయం చేసుకున్నాడు. ఈ మాట విని, పిండి కలిపే మిత్రుడు పెదవి విరిచాడు.

“నీ నాలుక సెలవులో ఉన్నన్నాళ్లూ మా సరుకంతా ఫస్ట్ క్లాసే గురూ. ఇంకో నెల పడుకోమనకూడదూ?”

పదహారో తారీఖు ఉదయం, భార్య స్నానానికి వెళ్లినప్పుడు, ఆకలికి ఆగలేక తనే వడ్డించుకున్నాడు. రెండు పొయ్యిల మీదా జావ ఉంది. కుడివైపు గిన్నెలోది నోట్లో పెట్టుకుంటే మళ్లీ అట్టముక్క. ఎడమవైపుది చూశాడు. ఉప్పు తగిలింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. రెండు గిన్నెలు ఎందుకని ఆమె రాగానే అడిగాడు. ఆమె కడిగిన గరిటెనే మళ్లీ కడిగింది.

“సగం తిని లేచిపోతుంటే చూడలేకపోయానండీ. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. ఆ పొద్దున మీ మొహం చూశాక ఇక చెప్పడానికి నోరు రాలేదు.”

“ఎంత వేస్తున్నావు?”

“నాకు అర చెంచా. మీకు రెండు.”

ఆయనకు కోపం రాలేదు. కూర్చుని లెక్క వేసుకున్నాడు. నాలుగు రెట్లయినా తెలిసిందంటే నాలుక చావలేదు, బద్ధకించిందంతే. మేడమ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పి, పరీక్ష ఏప్రిల్ 3కు మార్పించుకున్నాడు.

మర్నాటి నుంచి రోజూ ఉదయం బల్ల మీద మూడు గాజు కప్పులు. వారం వారం ఉప్పు తేడా తగ్గిస్తూ ఆమె కలిపేది. తన కళ్లే జవాబు చెప్పేస్తాయని, కిటికీ వైపు తిరిగి నిలబడేది. లాలాజలం తక్కువ కావడంతో ఆయన గుటకకూ గుటకకూ మధ్య నోరు తడుపుకునేవాడు. మార్చి మధ్యకు పన్నెండింట ఏడు ఒప్పయ్యాయి. ఒకరోజు ఆమె విసుక్కుంది.

“ఒకటో కప్పు అంటూ, రెండోదాని వంక అంత ఆశగా చూస్తారేంటండీ?”

“అటు తిరిగి ఉన్నావుగా, నీకెలా తెలిసింది?”

ఆమె నవ్వుతూ కిటికీ అద్దం చూపించింది. అద్దంలో ఆయన మొహం ఆమెకు కనబడితే, ఆమె మొహం ఆయనకూ కనబడినట్టే. ఆయన లేచి అద్దానికి తువ్వాలు కట్టి, అంతవరకూ వచ్చిన ఒప్పులన్నీ కొట్టేసి, లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 3న పరీక్ష గదిలో, బిస్కెట్ల రంగు తేడా కనబడకుండా ఎప్పుడూ వేసే ఎర్ర దీపమే వెలుగుతోంది. ఒక్కో విడత జవాబూ ఒక్కో చీటీ మీద రాశాడు. తొమ్మిదో విడతలో ఏ తేడా తెలియలేదు. ఖాళీ వదలకూడదన్నది నియమం కనుక, మూడో కప్పు అని రాసి ముందుకు సాగాడు. మేడమ్ పన్నెండు చీటీలనూ తన దగ్గరున్న జవాబులతో ఒక్కొక్కటిగా పోల్చి, లేచి, గోడనున్న పలక మీద ఒప్పుల సంఖ్య వేసింది.

9