చిప్పు మూలన రెండు అక్షరాలు

ఈ చలిదేశంలో మేముంటున్న కనాటా ఊళ్ళో, మా వెనక వీధిలో ఉండే అంకుల్ గారంటే నాకు కుళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయన చిప్పుల్ని చేత్తో తయారుచేసిన కాలం నాటి ఇంజినీరు. నేనూ చిప్పు ఇంజినీరునే. ఆయన పాత పని చూడటానికి జనం ఇంటికి వస్తారు. నా పని గురించి అడిగినవాళ్ళు మాత్రం నేను రెండో మాట అనేలోపే మాటను వాతావరణం మీదికి మళ్ళించేస్తారు.

మొన్న శనివారం మా పదేళ్ళ అమ్మాయిని ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. తెలిసినవాళ్ళు తయారుచేసిన వస్తువు ఒకదాని గురించి క్లాసులో చెప్పాలట. ఇంట్లో నన్ను పెట్టుకుని ఆయన్ని ఎంచుకుంది. నాకు అక్కడే సగం మండింది.

ఆంటీ గారు బజ్జీలు తెచ్చేలోపు అంకుల్ గారు డైనింగ్ టేబుల్ మీద మైక్రోస్కోప్ పెట్టి, దాని కింద తన మొదటి చిప్పు ఉంచారు. అప్పట్లో చిప్పు బొమ్మను వందల రెట్లు పెద్దదిగా, ఎర్రటి ప్లాస్టిక్ పొర మీద కత్తితో కోసేవారట. తర్వాత దాన్ని ఫోటో తీసి గోరంత చేసేవారట.

"కింద లైట్లున్న పెద్ద బల్ల ఎక్కి, పాక్కుంటూ కోసేవాళ్ళమమ్మా. ఒక్క గీత తప్పితే అంతవరకూ చేసింది గోవిందా," అన్నారు. తర్వాత మా అమ్మాయితో, "ఆ మూలకి చూడు, తల్లీ," అన్నారు.

"దేర్ ఆర్ లెటర్స్," అంది అది.

"అవి నా పేరులోవే. మూలన కాస్త ఖాళీ ఉంటే చేసినవాళ్ళం మా అక్షరాలు కోసుకునేవాళ్ళం. బాసు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు."

నేనూ చూశాను. రెండక్షరాలు, కాస్త వంకరగా ఉన్నాయి. ఆ వంకర చూసి నాకు మరీ కడుపు మండింది.

ఈ ఆచారం నాకు తెలియంది కాదు. కిందటేడాది నా వాటా డిజైన్‌లో కాస్త ఖాళీ దొరికితే, మా అమ్మాయి పేరులో మొదటి అక్షరం సన్నగా పెట్టాను. చెకింగ్ సాఫ్ట్‌వేర్ మర్నాడే పట్టేసింది. 'ఈ షేప్ దేనికి? డిలీట్ చేసేయండి ప్లీజ్' అని మా టీమ్ లీడ్ మెసేజ్ పెట్టాడు. నా చేత్తోనే తీసేశాను. వందలమందిమి చేసిన ఆ చిప్పులో నేనున్నానని చెప్పే గీత ఒక్కటీ లేదు.

"మీ అమ్మ చేసేదాని ముందు ఇదెంత, తల్లీ," అన్నారు అంకుల్ గారు. "నావన్నీ ఎప్పుడో తుక్కులోకి పోయాయి. అమ్మది అందరి జేబుల్లోనూ ఉంది."

మంచి మనిషి. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేస్తారు.

అమ్మాయి తల ఎత్తింది. "రియల్లీ? వేర్ ఈజ్ యువర్స్, అమ్మా?"

ఆశగా నా ఫోన్ దాని చేతిలో పెట్టాను. "ఇందులోనే ఉంది, నాన్నా."

అది ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు, అంచుల్లో, కెమెరా చుట్టూ శ్రద్ధగా వెతికింది. "బట్ వేర్?" అంది. అది ఫోన్‌ను బజ్జీల ప్లేటు పక్కన పెట్టి, మళ్ళీ మైక్రోస్కోప్ మీదికి వంగింది.