వెనక్కి పంపిన ఫైలు

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మా వదిన నోట్లో బస్తా నువ్వులు పోసినా నానిపోతాయి గానీ ఒక్క గింజ బయటికి రాదు. అందరూ దాన్ని మంచి గుణం అనేవాళ్లు. నాకు మాత్రం అంత మాట్లాడని మనిషి ఏదో దాస్తోందని అనుమానం. నా బుద్ధే అంత. ఎవరైనా తలుపు వేసుకుంటే లోపల ఏం జరుగుతోందోనని నాకు ఊపిరాడదు.

వదినది మేడ మీద చివరి గది. ఒక బల్ల, కంప్యూటరు, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను, బల్ల కింద కుట్టుమిషనుకు ఉన్నట్టు కాలితో తొక్కే చిన్న పెడలు. ఆసుపత్రిలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలన్నీ ఒక చిన్న యంత్రంలో చెప్తారు. ఆ గొంతు ఫైలుగా వదిన కంప్యూటరులోకి వస్తుంది. పెడలు తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే ఆగిపోతాడు. విన్నది విన్నట్టు టైపు చేసి పంపడమే ఆవిడ పని. పూర్వం ఆసుపత్రి రికార్డు గదిలోనే కూర్చుని చేసేది. తర్వాత ఆసుపత్రి ఆ పనిని ఒక కంపెనీకి అప్పజెప్పింది, కంపెనీ ఇళ్లకు పంచింది. అలా తొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల రోగాలన్నీ మా మేడమెట్లు ఎక్కుతున్నాయి.

డాక్టర్ల గురించి మాత్రం అప్పుడప్పుడు నవ్వుతూ చెప్పేది. ఒకాయన నములుతూ చెప్తాడట, ఇంకొకాయన ఆవలింతలతో కలిపి చెప్తాడట. రోగుల ఊసు మాత్రం ఎత్తేది కాదు. ఎవరైనా గదిలోకి అడుగుపెడితే ముందు కాలు పైకి లేచేది, తర్వాత తల ఇటు తిరిగేది. కంప్యూటరు తెర గోడవైపు పెట్టుకునేది. గది కూడా తనే ఊడ్చుకునేది.

"మన ఇంట్లో ఒక బ్యాంకు లాకరుంది. నేను దాని మొగుణ్ణి. తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు" అనేవాడు అన్నయ్య.

నేను కింది వాటాలో ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున్నే తెచ్చి వదిలే తొమ్మిదిమంది పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకుంటాను. అదే నా బతుకు, నా సరదా కూడా. ఆ ఏడాది మాత్రం నాకేదో అయింది. నిద్ర పట్టదు. పిల్లలు నవ్వుతుంటే నాకు ఏడుపొస్తుంది. కారణం అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. స్నానాల గదిలోకి వెళ్లి, పిల్లలకు వినిపించకుండా కుళాయి పూర్తిగా తిప్పి ఏడ్చేదాన్ని. మూడు నెలలు అలా గడిచాక ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాను.

మనసు డాక్టరు గది ముందు గోడకి "మీ వివరాలు గోప్యంగా ఉంచబడును" అని పెద్ద బోర్డు ఉంది. దాని కిందే కూర్చున్న అమ్మాయి "నిద్ర పట్టడం లేదన్న ఆవిడ ఎవరండీ, లోపలికి రండి" అని హాలంతా వినపడేలా కేకేసింది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మీద నాకు అనుమానం రాలేదు. యూనిఫారం వేసుకున్న నోటిని ఎవరూ అనుమానించరు.

డాక్టరు మంచివాడే. కుళాయి సంగతితో సహా అన్నీ చెప్పాను. లేచి తలుపు దాకా వెళ్లానో లేదో, వెనక ఆయన చిన్న యంత్రం తీసి నా పేరు, ఇంటిపేరు విడమరిచి చెప్పడం వినిపించింది. బస్సులో సగం దూరం వచ్చాక తట్టింది. ఆ గొంతు నేరుగా మా మేడ మీదికే వస్తుంది. పిచ్చిదాని దగ్గర పిల్లల్ని వదిలే తల్లి ఎక్కడుంటుంది? విషయం పొక్కితే నా ఇంట్లో మళ్లీ ఒక్క పిల్ల చెప్పు కూడా కనబడదు.

ఆ రోజు నుంచి వదిన మీద నా కన్ను పడింది. వారం తిరగకుండానే ఒక తేడా పట్టుకున్నాను. అంతకుముందు మెట్ల దగ్గర ఎదురైతే "అలా ఉన్నావేంటి, నిద్రపోయావా?" అని అడిగేది. ఉన్నట్టుండి అడగడం మానేసింది. కూరల గురించి, కరెంటు గురించి మాట్లాడి వెళ్లిపోయేది. ఎలా ఉన్నావని మాత్రం అడగదు. తెలిసిపోయింది, అందుకే ముఖం తప్పిస్తోంది అని లెక్క తేల్చేశాను.

ఇంకో పది రోజులకు, నా దగ్గర కవలల్ని వదిలే తల్లి సాయంత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రేపట్నుంచి పిల్లల్ని మా అత్తగారు చూసుకుంటారండి" అంది.

"ఏమైంది, పిల్లలేమైనా చెప్పారా?"

"అబ్బే, వాళ్లకేం తెలుసు. మీరే కాస్త ఆరోగ్యం చూసుకోండి. కుళాయి తిప్పుకుని ఏడిస్తే తగ్గుతుందా చెప్పండి" అని జాలిగా నా చెయ్యి నొక్కింది.

కుళాయి మాట నేను ఈ లోకంలో ఒక్క డాక్టరుకే చెప్పాను. డాక్టరు యంత్రానికి చెప్పాడు. ఇక మిగిలింది ఎవరు? ఆ వారంలోనే మరో ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించారు.

వదిన స్నానానికి వెళ్లినప్పుడు గదిలోకి దూరాను. బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. పేజీలన్నీ తిరగేశాను. అర్థంకాని మందుల పేర్లు, పక్కన ప్రశ్న గుర్తులు, తర్వాత సరిచూసుకుని పెట్టిన టిక్కులు. మనుషుల పేరు ఒక్కటీ లేదు. చెత్తబుట్టలో చిత్తుకాగితం కూడా లేదు. ఇంకెవరైనా అయితే హమ్మయ్య అనుకునేవాళ్లు. నేను మాత్రం, ఇంత శుభ్రంగా ఉందంటే ఎంత జాగ్రత్తగా దాచిందో అనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని ఊరికే అనలేదు.

ఆవిడ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

"నా ఫైలు నువ్వే టైపు చేశావా వదినా?"

వదిన తడిజుట్టు తువ్వాలులో చుట్టుకుంటూ ఆగిపోయింది. "ఏ ఫైలు?"

"ఏమీ తెలియనట్టు మాట్లాడకు. నేను కుళాయి తిప్పుకుని ఏడుస్తానని వీధంతా చెప్పుకుంటున్నారు. చేశావా, చేయలేదా?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"చేయకపోతే చేయలేదని చెప్పడానికేం?"

"ఎవరి ఫైలైనా అంతే. వచ్చిందనీ చెప్పకూడదు, రాలేదనీ చెప్పకూడదు. వచ్చిందంటే ఆ మనిషి ఆసుపత్రికి వెళ్లిందని చెప్పినట్టే కదా."

"ఆ మనిషి నేనే. నీ ఎదురుగానే ఉన్నాను."

వదిన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లను చూశాను గానీ, భుజాలు కూడా తడుముకోని దొంగను ఇప్పుడే చూస్తున్నానని అనేసి వచ్చాను. మర్నాడే కంపెనీకి ఫిర్యాదు రాశాను. ఆవిడ ఇంటిదగ్గర పని చేస్తూ రోగుల సంగతులు బయటపెడుతోందని రాసి, పేరు, వీధి, ఇంటి నంబరు అన్నీ ఇచ్చాను.

రెండో రోజుకల్లా వదిన పని ఆగిపోయింది. కంప్యూటరు తెరిస్తే లోపలికి రానివ్వడం లేదట. ఆవిడ గది ఊడ్చుకుని తలుపు దగ్గరగా వేసి, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఇంకో చోట ఇలాంటి పని దొరకదని అన్నయ్య అంటుంటే విన్నాను. రహస్యాలు బయటపెట్టిందన్న మాట పడ్డవాళ్లను ఏ కంపెనీ గడప తొక్కనివ్వదట. నాకు లోపల గుచ్చుకుంది. అయినా చేసిన తప్పుకు శిక్ష అనుకుని సర్దిచెప్పుకున్నాను.

నాలుగో రోజు కంపెనీ వాళ్లు పిలిపించారు. పని పంచే సూపర్‌వైజరు, కళ్లజోడావిడ, తెర మీద ఏదో చూసి చెప్పింది.

"మీ ఫైలు మీ వదినగారికి వెళ్లిన మాట నిజమేనండి. ఆవిడ పదకొండు సెకన్లు విన్నారు. వెంటనే వెనక్కి పంపేశారు. కారణం దగ్గర 'తెలిసిన మనిషి' అని ఉంది. ఈ తొమ్మిదేళ్లలో అలా చాలా వెనక్కి పంపారు."

"మరి ఎవరు చేశారు?"

"అది చెప్పకూడదండి. ఆ టైములో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు వెళ్లిపోతుంది. మీ వీధిలోనే ఇంకొకావిడ ఉన్నారని నేనూ చూసుకోలేదు" అని నాలుక్కరుచుకుంది.

మా వీధిలో ఆ పని చేసే ఇంకొకావిడ మూడో ఇంటి కోడలే. వదిన మీదే కన్నేసిన నాకు ఆ పిల్ల సంగతి తట్టనే లేదు. మా వదినే దగ్గర కూర్చోబెట్టుకుని ఆరు నెలలు నేర్పి, కంపెనీకి చెప్పి పని ఇప్పించింది. ఆ పిల్లకు కవలల తల్లి స్వయానా అక్క.

నేరుగా వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీస్తూనే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"మా అక్క పిల్లలు మీ దగ్గరే ఉన్నారు కదా అని భయమేసింది. అక్కకొక్కదానికే చెప్పాను, ఒట్టు. మిమ్మల్ని చెడుగా ఏమీ అనలేదండి, పాపం అనే అన్నాను."

"తెలిసిన మనిషి ఫైలు వస్తే వెనక్కి పంపాలని తెలీదా నీకు?"

"అలా కూడా చేస్తారా?" అంది. ఆ కళ్లలో అబద్ధం లేదు. ఇంతకాలం మనుషుల కళ్లలో అబద్ధాలే వెతికినదాన్ని కాబట్టి నాకు ఆ తేడా తెలుసు.

ఇంటికొచ్చి వదినను అడిగాను. పెడలు తొక్కడం దగ్గర్నుంచి నములుతూ చెప్పే డాక్టరు మాటలు పట్టుకోవడం దాకా అన్నీ నేర్పావు, ఇదెందుకు నేర్పలేదు అని.

"అది కూడా నేర్పాలని తోచలేదు. పక్కింటివాళ్ల మాటలు వినపడితే పక్కకు తప్పుకుంటాం కదా, అలాంటిదే అనుకున్నాను" అంది.

పని ఆవిడకు తిరిగి ఇప్పించాలంటే నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ రాసివ్వాలని సూపర్‌వైజరు చెప్పింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని రెండు పేజీలు రాశాను. ఈసారి నాలో ఏ దాపరికమూ ఉండకూడదనుకున్నాను. నా జబ్బు పేరు, వాడే మందులు, కుళాయి సంగతి, వదినను అనుమానించిన వైనం, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. ఆఫీసుకు వెళ్లి ఇచ్చాను. సూపర్‌వైజరు చదివింది, గుమాస్తా చదివి ముద్ర వేశాడు, మేనేజరు చదివి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికల్లా వదిన కంప్యూటరు తెరుచుకుంది.

ఘనకార్యం చేసినదానిలా మెట్లెక్కి వెళ్లాను.

"ఏం రాశావు?" అని అడిగింది వదిన.

"అంతా రాశాను."

"జబ్బు పేరు కూడానా?"

"అంతా అన్నాను కదా."

"ఎంతమంది చదివారు?"

"ముగ్గురు. ఆసుపత్రికి కూడా ఒకటి పంపిస్తారట."

వదిన హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ పేరు వినగానే కాలు తీసేశాను. ఆ తర్వాత డాక్టరు ఏం చెప్పాడో నాకు తెలీదు. కింద నువ్వు నలిగిపోతున్నావని మాత్రం తెలుసు. ఎలా ఉన్నావని అడగబోయి ఎన్నిసార్లు మింగేశానో. అడిగితే తెలిసే అడిగానని కుమిలిపోతావని. ఫిర్యాదు పొరపాటు అని ఒక్క ముక్క రాస్తే చాలు కదే. నువ్వేంటే, వెళ్లి అందరి చేతుల్లో పెట్టొచ్చావు."

వదిన కళ్లు తుడుచుకుని లేచింది.

"పద. ఇంకో కాగితం రాసిచ్చి, అది వెనక్కి తెచ్చుకుందాం."

ఇద్దరం వెళ్లాం. ఆఫీసు హాల్లో పనికోసం వచ్చినవాళ్లు పదిమంది దాకా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మా వీధివాళ్లు కూడా ఇద్దరు కనిపించారు. రికార్డులో చేరిన కాగితం వెనక్కి ఇవ్వడం కుదరదని గుమాస్తా చెప్పాడు. వదిన బతిమాలింది. సరే, ఏ కాగితమో చూస్తానుండండి అని అతను కట్టలోంచి ఒకటి లాగాడు.

"ఇదేనా మీది?" అని, నా పేరు దగ్గర మొదలుపెట్టి బిగ్గరగా చదవసాగాడు. బెంచీల మీద వాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. పక్కకు చూస్తే, వదిన గోడవైపు తిరిగి రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని నిలబడింది.