బొగ్గుపులుసు గాలి, అవ్వ కుట్టిన బొంత

ఇది ఎవరికీ చెప్పలేదు, నా దినచర్య పుస్తకంలో కూడా రాసుకోలేదు. తాతకు ఫ్రెంచి పత్రిక చదివి వినిపిస్తూ, అందులో లేని మాటలను ఉన్నట్టుగా ఒకసారి చదివాను.

తాత నీలిరంగు గుడ్డలు అద్దించి ఓడలకెక్కించిన వ్యాపారి. చూపు పోయాక ఆయనకు మిగిలిన సరదా వాదన ఒక్కటే. కానీ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నాకైతే మామూలు మాటకే నోరు పెగలదు. బడిలో పాఠం చెప్పే కన్యాస్త్రీ పాత విజ్ఞాన పత్రికలు ఇచ్చేది. మధ్యాహ్నాలు తిన్నె మీద కూర్చుని వాటిని తాతకు తెలుగులో చెప్పేదాన్ని. "పెద్దపిల్లకి ఈ పరంగి కాగితాలు ఏంటికి?" అని చిన్నాయన సణిగేవాడు. తాత కోసమని ఊరుకునేవాడు. ఆ సాకు పోతే నా చదువూ పోయేది.

ఒక సంచికలో బొగ్గు సంగతి వచ్చింది. బొగ్గు కాలితే పుట్టే గాలి భూమి వేడిని బయటికి పోనివ్వదనీ, అది పెరిగితే ఎప్పటికో లోకమంతా వెచ్చబడుతుందనీ ఒక పండితుడి లెక్క. ఇంకొకాయన ఆ గాలిని గొట్టంలో నింపి చూశాడు. గాలి తగ్గించినా అది ఆపే వేడి దాదాపు అంతేనట. ఉన్న గాలే ఆపగలిగినదంతా ఆపుతోంది, మరికొంత కలిస్తే ఏమీ కాదన్నాడు. పత్రిక ఆయన వైపే మొగ్గింది.

"ఆ గాలి పేరేంది?" అన్నాడు తాత.

"బొగ్గుపులుసు గాలి, తాతా."

"పులుసా! మీ అవ్వ పులుసు కంటే మేలేనా?" నవ్వి, తల ఊపాడు. "గొట్టమాయన చెప్పిందే సరి. గుడ్డ కడుపునిండా నీలం తాగినాక మళ్ళా తొట్టిలో ముంచితే ఏమొస్తాది? చేతులు నీలమైతాయి, అంతే."

అది సరికాదనిపించింది. ఎందుకో చెప్పలేకపోయాను.

కార్తీకం వానల్లో తాతకు చలిజ్వరం పట్టుకుంది. అవ్వ పాతచీరలతో కుట్టిన బొంత కప్పాం. వణుకు తగ్గలేదు, రెండోది అడిగాడు. మొదటి బొంతే ఒళ్ళంతా కప్పేసింది. ఆయన వాదన ప్రకారమైతే రెండోదానితో పని లేదు. అయినా అది కప్పాకే వణుకు ఆగింది.

మర్నాడు పత్రిక ముందు పెట్టుకుని, మొదటి పండితుడు జవాబు రాశాడన్నాను.

"కింది బొంత పట్టిన వేడి అందులోనే ఉండిపోదంట తాతా, పైకొస్తాదంట. పైబొంత దాన్ని మళ్ళా పడతాదంట. ఆకాశంలో గాలి కూడా పొరలు పొరలే, పైన ఇంకో పొర చేరితే కింద వెచ్చన కాక తప్పదంట."

తాత నీలం వదలని వేళ్ళతో బొంత అంచు కుట్టు తడుముతున్నాడు. అప్పుడే చిన్నాయన వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాడు. 'ఇది కాగితంలో లేదు' అని తాత ఒక్క మాటంటే చాలు, నా పత్రికలకు అదే ఆఖరు.

"ఏంది నాయనా, పాఠం ఇంకా కాలేదా?"

"నువ్వు లోపలికి పోరా. ఈడ పెద్దోళ్ళు మాట్లాడుకుంటా ఉండారు."

చిన్నాయన వెళ్ళాక తాత గొంతు తగ్గించాడు. "పరంగి దొరకి మన బొంత సంగతి యాడ తెలిసె?"

తల దించుకున్నాను. ఆయనకు కనబడదన్న సంగతే మరిచిపోయాను.

సాయంత్రానికి జ్వరం హెచ్చి తాతకు మాట పడిపోయింది. మళ్ళీ రాలేదు. అంతకుముందు, నేను పత్రిక మడిచి లేవబోతుంటే, చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రేపు ఆ దొరని తేవద్దు, అమ్మణ్ణీ. నువ్వే చెప్పు. నేను ఒప్పుకునేది లేదు, చూసుకుందాం."